వెనక్కి నడిచిన పెళ్లిబండి

కాకిపిల్ల కాకికి ముద్దు అంటారని నాకూ తెలుసు. అనుకునేవాళ్లు అనుకోండి. చోడవరంలో జీపు తోలేవాళ్లలో మా హాజిరాని మించినవాళ్లు లేరు. ఈ మాట స్టాండులో టీ తాగుతూ అన్నాను, మా ఆవిడ దగ్గర అన్నాను, బ్రేకులు చేయించడానికి అనకాపల్లి వెళితే అక్కడి మెకానిక్కుకి కూడా చెప్పాను. అతను అడగలేదు. అయినా చెప్పాను.

నా పేరు ఇలియాస్. కొండ ఊళ్లకి జీపు తోలుతూనే ముసలివాణ్ణయ్యాను. మోకాళ్లు క్లచ్చి తొక్కనివ్వమని మొండికేశాక బండి అమ్మేద్దామనుకున్నాను. "అమ్మకు నాన్నా, నేను తోలతాను" అని తాళాలు తీసుకుంది హాజిరా. డిగ్రీ చదివిన పిల్ల. సరేనని నేర్పాను. నా నేర్పడం ఎలా ఉంటుందో మీకు తెలీదు, తిట్టకుండా ఒక్క గేరు కూడా వేయించలేదు. అదేం తక్కువ తిన్నదా? నన్ను ఎదురు తిడుతూనే పని మొత్తం లాగేసుకుంది.

కింద ఊళ్ల కిరాయిలు బాగానే వచ్చాయి. బుచ్చయ్యపేట, రావికమతం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. కొండ కిరాయి మాత్రం ఒక్కటీ రాలేదు. ఆడపిల్ల తోలే బండిలో కొండెక్కడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. కింద రోడ్ల మీద ఆటోలతో పోటీపడి జీపు బతకదు. కొండ ఉంటేనే దానికి తిండి.

అలాంటప్పుడు మా ఊరి సత్యారావు కూతురు చిన్నారి పెళ్లి కుదిరింది. చీడికాడ దాటాక కొండమీద, జీడితోటల మధ్య ఉంది అత్తవారి ఊరు. పెళ్లయ్యాక జంటని అక్కడికి చేర్చే పని, నేను పక్కన కూర్చోవాలనే షరతు మీద, సత్యారావు మాకిచ్చాడు. ఇది క్షేమంగా జరిగితే కొండదారి హాజిరాది. తేడా వస్తే ఇక ఆ దారిలో ఆమెని పిలిచేవాడుండడు. ఆ సంగతి తనకీ తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఆ పొద్దున ఇద్దరికీ టిఫిను దిగలేదు.

పెళ్లింటికి వెళ్లేసరికి మా జీపు నెత్తిన బీరువా ఎక్కించేస్తున్నారు. దగ్గరుండి ఎక్కిస్తున్నది పరదేశి, పెళ్లికొడుకు మేనమామ. మీసమూ గొంతూ రెండూ పెద్దవే.

"బీరువా దింపించండి బాబాయ్" అంది హాజిరా.

"దింపడవేటి? సారె బీరువా ఊరందరికీ కనపడొద్దేటి?"

"బరువు నెత్తిమీదుంటే, బండి కాస్త ఒరిగినప్పుడు అదే పట్టుకుని లాగేస్తాది. రేపు ట్రాక్టర్లో పంపించండి. ఊరు రేపు సూస్తాది."

"పిట్ట కొంచెం కూత ఘనం" అని గొణిగాడు పరదేశి. కానీ సత్యారావు తల ఊపేసరికి బీరువా దిగింది.

తర్వాత బెల్టుల గొడవ. వెనక బెంచీలకి హాజిరా బెల్టులు వేయించింది. పెళ్లికూతురి పట్టుచీర నలిగిపోతుందన్నారు, పెళ్లికొడుకు సూర్యతేజ కండువా జారిపోతుందన్నారు. పెళ్లికూతురికి తోడుగా వస్తున్న ఆమె నాయనమ్మ సన్యాసమ్మయితే చేతులు రెండూ గాల్లోకి లేపింది.

"నన్ను కట్టేస్తన్నావేటే గుంటా? నానేటి దూడనా?"

"నీ నోరెలాగూ కట్టలేను మామ్మా. నిన్నయినా కట్టనీ."

ముసలమ్మ పకపకా నవ్వి కట్టించుకుంది. పరదేశి మాత్రం వెనక తలుపు పక్కన, బెల్టు ఒళ్లో వేసుకుని, పెట్టుకోకుండా కూర్చున్నాడు. హాజిరా బండి స్టార్టు చెయ్యలేదు. ఆయన బెల్టు టక్కుమన్నాకే తాళం తిప్పింది. నేను మీసం కింద నవ్వుకున్నాను.

చీడికాడ దాకా బాగా వెళ్లాం. ముందురోజు వాన పడింది. కొండ మొదట్లోనే నాలుగు చక్రాలకీ గేరు వేసుకుని, చిన్న గేరులో, తొందర లేకుండా ఎక్కించింది. గుంతలొచ్చిన చోట వడి తగ్గించింది, రాళ్లొచ్చిన చోట ముందు దిగి చూసొచ్చింది. ముందు బైకుల మీద వెళ్లిన కుర్రాళ్లు ఎప్పుడో ఊరు చేరిపోయారు. పరదేశి గంటకొట్టినట్టు "బేగి తోలు, బేగి తోలు, ముహూర్తం దాటిపోతాది" అంటూనే ఉన్నాడు.

ఊరికి ముందు ఆఖరి ఎక్కుడు ఉంది. నిటారుగా ఉంటుంది. ఎడమవైపు కొండ, కుడివైపు కిందికి జీడితోట. సగం ఎక్కాక వాన కోసిన గాడిలో వెనక చక్రాలు గిర్రున తిరిగి, ఇంజను గుటుక్కుమని ఆగిపోయింది. హాజిరా బ్రేకు తొక్కి పట్టుకుంది. బండి ఆకాశంలోకి మూతి పెట్టి నిలబడింది.

నేనయితే ఏం చేస్తానంటే, వెనక గేరు వేసి, తిన్నగా, వచ్చిన దారినే దిగి మళ్లీ ఎక్కుతాను. హాజిరా చెయ్యీ వెనక గేరు మీదకే వెళ్లింది. అప్పుడు లేచింది రభస.

"ఆగు! వెనక్కి పోకూడదు!" అని అరిచాడు పరదేశి. "పెళ్లికూతురెక్కిన బండి అత్తోరి గుమ్మం సూసేదాకా వెనక్కి నడవకూడదు! మా కొండమీద ఎవులూ అలగ సెయ్యరు!"

ఆ ఆచారం నాకు కొత్త కాదు. కొండ ఊళ్లలో పెళ్లిబండి వెనక్కి నడిస్తే కాపురం వెనకబడుతుందని గట్టి నమ్మకం.

"మరేం సెయ్యాల?" అడిగింది హాజిరా, అద్దంలోకి చూస్తూ.

"పక్కన గడ్డి జాగా ఉంది కదేటి! అక్కడ తిప్పీ. తిప్పుకుని, మూతి ముందెట్టి కిందికి దిగు. వెనక్కి నడవడం కాదది."

ఎక్కుడు మధ్యలో బండిని అడ్డంగా తిప్పడమంటే పల్టీని పిలిచి పీట వెయ్యడమే. తిన్నగా ఉన్నంతసేపు జీపు నిలబడుతుంది. అడ్డం తిరిగిందంటే బరువంతా పల్లంవైపు చక్రాల మీదకొస్తుంది, ఆ తర్వాత ఆపేవాడుండడు. పరదేశి మీద నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "హాజిరా, నువ్వు..." అని మొదలుపెట్టాను.

"నాన్నా, ఇప్పుడు బండిలో ఒక్క గొంతే ఉండాల. అది నాది."

నా జన్మలో నా నోరు మూయించినవాళ్లు లేరు. మూసుకున్నాను.

పరదేశి బెల్టు తీసేసి వెనక తలుపు మీద చెయ్యి వేశాడు. "నాను దిగి తిప్పిస్తాను."

"బాబాయ్, దిగొద్దు!" హాజిరా గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. "నువ్వు దూకితే బండి నీ మీదకే రావచ్చు. కూకో. బెల్టెట్టుకో. అందరూ సేతులు లోపలెట్టండి."

ఆయన కూర్చున్నాడు. కూర్చున్నాడు గానీ మాట వదల్లేదు. "సన్యాసమ్మత్తా, నువ్వయినా సెప్పు. నీ మనవరాలి కాపురం గదా!"

అందరూ ముసలమ్మ వైపు చూశారు. చిన్నారి ఏడుపు ముఖం పెట్టింది. హాజిరా కాలు బ్రేకు మీద బిగించే ఉంది. అయినా గొంతు మెత్తగా చేసుకుంది.

"మామ్మా, ఒక్క మాట. వెనక్కి పోయేది బండి. పెళ్లికూతురు ముఖం ఎటుంది?"

సన్యాసమ్మ మనవరాలి గడ్డం పట్టుకుని చూసింది. కొండమీద ఊరివైపే ఉంది ముఖం.

"ముందుకే ఉందే" అంది. "ఒసే చిన్నారీ, మెడ తిప్పకు. ఊరినే సూడు. ఒరే పరదేశీ, నోరు ముయ్యి. గుంటా, నువ్వు పోనీ."

హాజిరా వెనక గేరు వేసింది. క్లచ్చి వదిలేసింది. అప్పుడు, గేరులో ఉండగానే తాళం తిప్పి, బ్రేకు మీద కాలు మెల్లగా తేల్చింది. ఇంజను బండిని పట్టుకుని, అంగుళం అంగుళం కిందికి దించసాగింది. క్లచ్చి మళ్లీ తాకలేదు. తాకితే బండి జారిపోతుంది. స్టీరింగు తిన్నగా పట్టుకుని, అద్దాల్లో చూస్తూ, పాలగిన్నె పొయ్యి మీంచి దించినట్టు దించింది. కింద చదునులో ఆగాక ఎవరి ఊపిరి వాళ్లకి వచ్చింది.

పెళ్లికూతురు అత్తవారి గుమ్మం దాకా నేల తొక్కకూడదు గనక ఆమెనొక్కదాన్నే బండిలో ఉంచి, మిగతావాళ్లని దించేసింది హాజిరా. ఎక్కుడంతా నడిచి చూసింది. గాడిలో రాళ్లు పరిపించింది. పెళ్లికొడుకు పట్టుపంచె పైకి కట్టి రాళ్లు మోశాడు, మంచి కుర్రాడు.

పరదేశి మాత్రం తను తిప్పమన్న గడ్డి జాగా దగ్గరికి వెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను, నాలుగు మాటలు అంటించాలని. ఆయన అంచు మీద కాలు వేసి నొక్కాడు. గడ్డితో సహా మట్టిపెళ్ల విరిగి, దొర్లుకుంటూ జీడిచెట్ల దాకా పోయింది. కింద అంతా డొల్ల. పరదేశి అక్కడే నిలబడిపోయాడు. ఆ ముఖం చూశాక నాకు అంటించబుద్ధి కాలేదు.

హాజిరా రెండోసారి ఎక్కించింది. రాళ్ల మీద చక్రాలు పట్టు దొరకబుచ్చుకున్నాయి. ఎక్కడా ఆగకుండా, ఎక్కడా ఎగరకుండా, చిన్నారిని తీసుకుని పైకి వెళ్లిపోయింది. కింద నిలబడి చూస్తున్న నాకు కేక వెయ్యాలనిపించింది. వేశాను కూడా. మేం నడిచి పైకి చేరి మళ్లీ బండెక్కాం.

ఊళ్లో ఎర్రనీళ్లు తిప్పారు, జంట గుమ్మం దాటింది. నలుగురు నా చుట్టూ చేరి, "దారి పాడైపోయినా బాగా తెచ్చేవు ఇలియాస్ బాయ్" అన్నారు. తోలింది నేను కాదు, మా అమ్మాయని ఒక్కొక్కరికీ చెప్పాను. వినపడనివాళ్లకి రెండుసార్లు చెప్పాను.

భోజనాలయ్యాక పరదేశి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కాసేపు మీసం సవరించుకున్నాడు.

"మా పెద్దగుంట పురిటికొచ్చింది బాయ్. నెలలు నిండతన్నాయి. పై వారం చోడవరం ఆస్పత్రికి దించాల. మీ గుంట బండే గావాల."

కడుపుతో ఉన్న సొంత కూతుర్ని, ఆ ఎక్కుడు మీదుగా, మా హాజిరా చేతుల్లో పెడుతున్నాడు. బింకంగానే అన్నాను.

"అలాగే. నేనూ పక్కన ఉంటానులే, భయపడకు."

"నువ్వెందుకు?" అన్నాడు పరదేశి. "ముందు సీటులో మా ఆడది కూకుంటాది. నువ్వింటికాడ ఉండిపో."

ఇన్నేళ్లు కొండ తోలినవాణ్ణి, నా బండిలో నాకే సీటు లేదన్నాడు. ఒళ్లు మండాల్సిన మాట. అంత సంతోషం నాకు జన్మలో కలగలేదు. కండువాతో ముఖం తుడుచుకునే వంకన కళ్లు తుడుచుకుని, జీపు దగ్గర చక్రాలకి మట్టి వదిలిస్తున్న హాజిరాని చూపించాను.

"నన్నెందుకు అడుగుతావయ్యా? పోయి డ్రైవరుని అడుగు."