చలి తెలియని బండి

ధనుర్మాసం వచ్చిందంటే జవళగిరిలో ఈరప్ప మెకానిక్ షెడ్డు తలుపు ఆరున్నరకు గాని తెరుచుకోదు. ముందు నాలుగు పుల్లలు పోగేసి మంట వేసుకుంటాడు. చలికి స్పానర్లు చేతికి అంటుకుపోతాయని వాటినీ మంట పక్కనే పరుస్తాడు. ఎదురుగా ఉన్న దుర్గాదేవి కొట్టునుంచి టీ తెచ్చుకుని బల్ల మీద కూర్చుంటాడు.

ఆ వేళకు తళి రోడ్డు మీద మంచు గోడ కట్టినట్టు నిలబడి ఉంటుంది. అందులో వినబడేవన్నీ ఆ పూట చప్పుళ్ళే కావు. జవళగిరి మంచు ఒకసారి విన్నదాన్ని పారేయదు. చలి ఏ ఏటి చలంత ఉంటే, ఆ ఏటి పొద్దుటి మాటలు తిరిగి వినిపిస్తాయి. కొంచెం చలైతే నిరుటివి, పళ్ళు కొరికే చలైతే ముప్పై నలభై ఏళ్ళ కిందటివి. ఎన్నడో చనిపోయిన అత్త పిలిస్తే దుర్గాదేవి "ఆ, వస్తా ఉండా" అని బదులు చెప్పి, పాలు పొంగకుండా చూసుకుంటుంది. ఈరప్పకు కూడా కొన్ని పొద్దుల్లో షెడ్డు వెనకనుంచి భార్య అంగాళమ్మ గొంతు వినబడుతుంది. "సంగటి చల్లారిపోతాంది, చేతులు కడుక్కో." ఆమె పోయి ఆరేళ్ళు. ఆ మాట వినబడిన రోజు ఈరప్ప నిజంగానే లేచి చేతులు కడుక్కుని వస్తాడు.

ఆ ఏడు ధనుర్మాసం మొదట్లో ఒకరోజు, ఎండెక్కాక, వినుత తన నాలుగుచక్రాల బైకు మీద షెడ్డుకు వచ్చింది. రెండో ఏట పోలియో వచ్చి ఆమె ఎడమకాలు సన్నబడిపోయింది. మెట్టనేలలో గట్లు ఎక్కి దిగడం కష్టమని, తండ్రి శేషప్ప బెంగళూరులో వెతికి వెతికి ఈ బండి కొన్నాడు. క్లచ్ లేదు, గేరు మార్చే పని లేదు, కాలితో పనే లేదు. శేషప్ప పోయి రెండేళ్ళయింది. ఆరు ఆవులు, మూడెకరాల రాగిచేను, ఒక మడి బంతిపూలు ఆమె ఒక్కతే చూసుకుంటోంది.

"బాగానే వచ్చింది కదమ్మా బండి," అన్నాడు ఈరప్ప.

"ఎండొస్తే బాగానే వస్తుంది మామా. పొద్దున ఐదున్నరకు మాత్రం పలకదు. బటన్ నొక్కి నొక్కి వేలు నొస్తుంది. పాల వ్యాను ఆరుంపావుకు రోడ్డు మీదికొస్తుంది. నేను కుంటుకుంటా ఆడికి పోయేలోపల వెళ్ళిపోతాంది. తొమ్మిది రోజులుగా పాలు ఇంట్లోనే విరిగిపోతా ఉండాయి."

"హోసూర్లో చూపించినావా?"

"చూపించినాను. ఆడ మధ్యాహ్నం స్టార్ట్ చేసి చూసి, ఏం కాలేదు పోమన్నారు."

ఈరప్ప బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. అరవై రెండేళ్ళ మనిషి. చేతి కింద పోయినవన్నీ కార్బొరేటర్ బండ్లు. ఈ బండికి పెట్రోలు ఎంత పోయాలో కంప్యూటరే లెక్కగట్టి, సూదిమొనతో చిమ్మినట్టు చిమ్ముతుంది. "ఇది నా కాలపు విద్య కాదమ్మా," అన్నాడు.

వినుత హ్యాండిల్ మీది దుమ్ము చీరచెంగుతో తుడిచింది. "సోమవారం మా అన్న వస్తాడు మామా, కాగితాలు తీసుకుని. మా నేల లీజుకిస్తే ఎవరో కాటేజీలు కట్టుకుంటారంట. నన్ను హోసూరుకొచ్చి వాళ్ళింట్లో ఉండమంటాడు. పాలే పోయలేనిదాన్ని, ఏమని కాదనేది?"

అన్న ఈశ్వరప్రసాద్ చెడ్డవాడు కాడని ఈరప్పకు తెలుసు. హోసూరు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. చెల్లెలు ఒంటరిగా ఎక్కడ పడిపోతుందోనని ఆయన భయం.

"రేపు పొద్దున ఐదింటికి వస్తాను," అన్నాడు ఈరప్ప. "దానికి జబ్బు చేసేది పొద్దునైతే, చూడాల్సిందీ పొద్దునే."

మరునాడు దుప్పటి కప్పుకుని, మీటరు, టార్చిలైటు పట్టుకుని పోయాడు. బండిని రాత్రంతా బయటే పెట్టించాడు. బ్యాటరీ చూశాడు, బలంగానే ఉంది. తాళం తిప్పితే ట్యాంకులో పెట్రోలు పంపు రెండు క్షణాలు గుయ్యిమని ఆగింది, అదీ సరే. బటన్ నొక్కితే ఇంజను తిరుగుతోంది, అంటుకోవడం లేదు. ప్లగ్గు విప్పి చూశాడు. నిప్పురవ్వ నీలంగా పడుతోంది, కానీ ప్లగ్గు పొడిగా ఉంది. అన్నిసార్లు బటన్ నొక్కాక పెట్రోలుతో తడిసి ఉండాలి అది.

"పెట్రోలు చాల్లేదు. పంపు బాగుంది, ట్యాంకు నిండా ఉంది, అయినా చాల్లేదు," అనుకుంటూ కొట్టం ముందు బండమీద కూలబడ్డాడు. వినుత ఆవు దగ్గర కూర్చుని పాలు పితుకుతోంది.

అప్పుడు మంచు చిక్కబడింది. మూడేళ్ళ కిందటి చలి అది. అదే కొట్టం ముందునుంచి అదే బండి చప్పుడు వచ్చింది. తాళం తిరిగింది, పంపు గుయ్యిమంది, ఇంజను రెండో తిప్పుకే అంటుకుని పెద్దగా అరిచింది. ఆ అరుపు వెనక శేషప్ప గొంతు: "యాక్సిలరేటర్ ముట్టొద్దు పాపా. అరిస్తే అరవనీ. ఒక్క నిమిషం అరిచి, ఒళ్ళు కాగినాక అదే అణుగుతుంది."

వినుత తల తిప్పలేదు. నాయన ఆ మాట చెప్పడం ఆమె ఎన్నో పొద్దుల్లో విన్నదే. పాలధార కూడా తప్పలేదు. ఈరప్ప మాత్రం లేచి నిలబడ్డాడు.

కెలమంగలం సంతవీధిలో గురువు రామచంద్రప్ప దగ్గర పనికి చేరిన మొదటి చలికాలం కళ్ళముందు కదిలింది. పొద్దున్నే వచ్చే ప్రతి బండికీ రామచంద్రప్ప ముందు చోక్ లాగేవాడు. "ఇంజను కూడా మనమాదిరే అప్పా. చలికి లేవాలంటే రెండు గుక్కలు ఎక్కువ తాగాల," అనేవాడు. చోక్ లాగితే పెట్రోలు ఎక్కువ పోయి బండి పెద్దగా అరిచేది. కాసేపటికి చోక్ తోసేస్తే అణిగేది. పనివాళ్ళంతా ఆ అరుపు దగ్గర నిలబడి చేతులు కాచుకునేవాళ్ళు. ఎంత పేదరికమైనా ఆ చలికాలాల్లో ఏదో వెచ్చదనం ఉండేది. ఆ వాసన, ఆ పెట్రోలు పొగ, రామచంద్రప్ప పెట్టించే బొరుగులు. ఈరప్ప ఒక్క క్షణం అక్కడే ఉండిపోయాడు.

"వినుతమ్మా, దీనికి చోక్ యాడుంది?"

"చోక్ లేదు మామా. చలైనా ఎండైనా అదే చూసుకుంటుందని నాయన చెప్తా ఉండె."

"అదే చూసుకోవాలంటే, చలేస్తోందని దానికి తెలియాల కదా. దానికెవరు చెప్తారు?"

వినుత చేతులు తుడుచుకుని ఫోనులో వెతికింది. ఇంజను వేడిని కొలిచి కంప్యూటరుకు చెప్పే సెన్సారు ఒకటుందని, వేలి కణుపంత ఉంటుందని బొమ్మతో సహా దొరికింది. ఈరప్ప దాన్ని విప్పి, మీటరు తీగలు తగిలించి, తొట్టిలోని చల్లనీళ్ళలో ముంచాడు. అంకె చూసుకున్నాడు. తర్వాత పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళు లోటాలో తెప్పించి అందులో ముంచాడు. అంకె మారి తీరాలి. ఏమాత్రం కదల్లేదు.

"ఇదమ్మా సంగతి. ఇది చచ్చిపోయింది. ఎప్పుడడిగినా, వేడిగానే ఉండానని ఒకే మాట చెప్తాంది. పాపం కంప్యూటరు అది నమ్మి, తెల్లవారుజామున కూడా మిట్టమధ్యాహ్నం పోసినంత పెట్రోలే పోస్తాంది. ఎండెక్కినాక ఆ లెక్క సరిపోతుంది. అందుకే హోసూర్లో తప్పు దొరకలేదు."

వినుత చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఆ సెన్సారు జవళగిరిలో దొరికేది కాదు. వినుత అన్నకు ఫోన్ చేసి, వచ్చేటప్పుడు ఒక చిన్న సామాను తెమ్మని ఫోటో పంపింది. ఈశ్వరప్రసాద్ ఎందుకని అడగలేదు. ఆదివారం సాయంత్రం సెన్సారు ఒక జేబులో, లీజు కాగితాలు సంచిలో పెట్టుకుని వచ్చాడు.

సోమవారం పొద్దున ఆ ఏటికంతా పెద్ద చలి. తొట్టిలో నీళ్ళు ముట్టుకుంటే సూదులు గుచ్చినట్టుంది. ఈరప్ప మొద్దుబారిన వేళ్ళతో సెన్సారు బిగిస్తున్నాడు. వెనక అన్నాచెల్లెళ్ళ మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"తొమ్మిదింటికి వాళ్ళొస్తారు. సంతకం పెట్టేయ్ వినుతా."

"బండి చూసినాక మాట్లాడదామన్నా."

"ఈ రోజు స్టార్టవుతుంది. రేపు ఇంకోటి చెడుతుంది. ఆడ కూర్చుని నేను ఎన్ని పొద్దులు భయపడేది?"

వినుత బండెక్కి తాళం తిప్పింది. పంపు గుయ్యిమని ఆగింది. ఆ నిశ్శబ్దంలో, చేనుదారి వైపునుంచి, ముప్పై ఏళ్ళ కిందటి పొద్దు నడిచి వచ్చింది. ముందు బరువుగా పడే చిన్న అడుగుల చప్పుడు, తర్వాత ఒక పిల్లవాడి రొప్పు.

"గట్టిగా పట్టుకో. జారిపోతావు."

"దించన్నా. నేను నడుస్తా," అంది వీపు మీది పిల్ల గొంతు.

"నువ్వు నడిస్తే బెల్లు కొట్టేస్తారు."

"కొట్టనీ. నేనే నడుస్తా."

అడుగులు ఆగాయి. దించిన చప్పుడు. "సరే, నడువు. నీకు ఎట్ల పోవాలని ఉంటే అట్లే పో. నేను వెనకాలే వస్తా ఉంటా."

ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు ఈడుస్తూ, వాటి వెనక ఇంకో రెండు అడుగులు మెల్లగా బడి వైపు పోయి మంచులో కలిసిపోయాయి.

వినుత హ్యాండిల్ వైపే చూస్తోంది. ఈశ్వరప్రసాద్ పదిహేనేళ్ళుగా హోసూర్లో ఉన్నాడు. అక్కడి మంచు ఏదీ దాచుకోదు. తన గొంతు ఒకప్పుడు అంత సన్నగా ఉండేదని కూడా ఆయన మరిచిపోయినట్టున్నాడు. మంకీక్యాపు తీసి చేతిలో పట్టుకుని, ఆ దారి వైపు చూస్తూ నిలబడ్డాడు.

వినుత బటన్ నొక్కింది. రెండో తిప్పుకే ఇంజను అంటుకుని పెద్దగా అరిచింది. ఆమె యాక్సిలరేటర్ ముట్టలేదు. ఒక నిమిషం అరిచి, అదే అణిగింది.

ఈశ్వరప్రసాద్ సంచి తీసుకెళ్ళి ఇంట్లో మేకుకు తగిలించి వచ్చాడు. పాలక్యాన్లు రెండూ ఎత్తి బండి వెనక క్యారియర్ మీద పెట్టి, తాడుతో బిగించి కట్టాడు. వినుత మెల్లగా దిగువకు పోనిచ్చింది. ఆయన వెనకాల నడిచాడు. ఇంజను చప్పుడు ఎలా ఉందో వినాలని ఈరప్ప కూడా వాళ్ళతో నడిచాడు.

వాళ్ళు రోడ్డు చేరిన రెండు నిమిషాలకు వ్యాను వచ్చింది. పాలు కొలిచి పోసుకుని వెళ్ళిపోయింది. ఈశ్వరప్రసాద్ ఫోన్ తీసి ఎవరికో చేశాడు.

"సార్, మీరు ఇంత దూరం రావద్దు. లేదు, రేటు సంగతి కాదు. మా నేల ఖాళీగా లేదు."

ఫోన్ జేబులో పెట్టుకుని, వచ్చిన ఎగువదారి వైపు ఒకసారి, ఖాళీ క్యాన్లు కట్టిన బండి వైపు ఒకసారి చూశాడు.

"నన్నూ ఎక్కించుకుంటావా?"

"కాళ్ళు రెండూ బాగానే ఉండాయి కదన్నా, నడువు," అంది వినుత, కళ్ళు తుడుచుకుంటూ.

ఆయన నవ్వి, బండి వెనకాల నడిచాడు.