ఎలీషబా సాక్ష్యం

పీహెచ్‌డీ అంటే పుస్తకాలతో కుస్తీ అనుకునేవాళ్లు ఒకసారి దీవెనను అడిగి చూడాలి. గైడు గారింట్లో గ్యాసు అయిపోతే సిలిండరు బుక్ చేసింది ఆమె. ఆయన మామగారికి కంటి ఆపరేషనైతే ఆసుపత్రిలో పక్కన కూర్చున్నది ఆమె. ఆయన పేరుతో అచ్చయిన పుస్తకంలో సగం అధ్యాయాలు ఆమెవి, ముందుమాటలో మాత్రం ఆమె పేరు లేదు. ఈ చాకిరీ అంతా పోగా మిగిలిన వేళల్లో తన పరిశోధన చేసుకుంది. మార్కాపురం పలకల ఫ్యాక్టరీల బయట గుట్టలుగా పారబోసే రాతిపొడితో బోరు నీళ్లలోని ఫ్లోరైడును తీసేయడం ఆమె పని. ఊరికే ఎంచుకున్నది కాదది. తర్లుపాడు పక్కన వాళ్ల పల్లెలో ఆ నీళ్లే తాగి తాగి తల్లి ఎలీషబాకు మోకాళ్లు బిగుసుకుపోయాయి. గోడ పట్టుకుంటే తప్ప లేవలేదు, అయినా కూలికి పోకుండా ఉండదు.

థీసిస్ పూర్తయింది. అచ్చు వేయించి, నల్ల అట్టలు కట్టించి పెట్టుకుంది. ఇంక కావలసింది ఒక్కటే, గైడు సుందరరాజు సంతకం. నెలాఖరులోగా ఆ సంతకంతో థీసిస్ యూనివర్సిటీలో ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దయిపోతుంది. అడగవలసిన గడువులన్నీ ఇప్పటికే అడిగేసింది. ఇవ్వగలిగితే హైదరాబాదులో మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం ఆమె కోసం కాచుకుని ఉంది. సంతకానికి అర నిమిషం చాలు. ఆ మహానుభావుడు వేసవి నుంచీ "చూద్దాం లేమ్మా" అంటూనే ఉన్నాడు.

చివరికి ఆయనే ఒక దారి చూపించాడు. ఎవరిదో వైవాకి పరీక్షకుడిగా తన స్నేహితుడైన పెద్ద ప్రొఫెసర్ వస్తున్నాడట, ఆయన్ని శ్రీశైలం తీసుకెళ్లాలట. కారు మాట్లాడు, సత్రంలో గదులు చూడు, తిరిగి వచ్చేటప్పుడు మార్కాపురంలో ఆగుతాను, కాపీలు పట్టుకురా, సంతకం పెట్టేస్తాను అన్నాడు. వైవాకి వచ్చిన పెద్దలకు దర్శనాలు చేయించడం మన పరిశోధక విద్యార్థులకు సిలబస్‌లో లేని పాఠం. దీవెన అన్నీ కుదిర్చింది.

సంగతి ఎలీషబా చెవిన పడింది. ఇంకేముంది, సారు అంత దూరం వచ్చి మన ఊరు రాకుండా పోతే ఎట్ల అని పట్టుబట్టి, మందిరంలో కృతజ్ఞత కూడిక పెట్టించింది. వద్దు మొర్రో అని దీవెన ఎంత మొత్తుకున్నా వినలేదు. పాస్టరయ్య ఫోన్ చేసి శాలువా కప్పుతామనగానే సుందరరాజు మెత్తబడ్డాడు. సన్మానమంటే ఆయన మెడ దానంతటదే ముందుకు వంగుతుంది.

ఆ రోజు మధ్యాహ్నం కారు మందిరం ముందు ఆగింది. సుందరరాజు దిగాడు, ఆయన వెనక పెద్ద ప్రొఫెసర్, ఆ వెనక సురేష్. ఈ సురేష్ సుందరరాజుకు మేనల్లుడు. నిరుడే డాక్టరేటు వచ్చి, ఒక కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసరుగా వెలగబెడుతున్నాడు. అతనిదీ ఫ్లోరైడు మీద పరిశోధనే, అదే ల్యాబు. ఆ థీసిస్‌ను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా రాసింది దీవెన. "వాడికి ఇంగ్లీషు రాదమ్మా, కాస్త చూడు" అన్నాడు గైడు. ఆ కాస్త చూడడంలోనే ఆమె సొంత పని ఏడాది వెనకబడింది. దాన్ని దిద్ది, అద్భుతమని రిపోర్టు రాసినవాడు సాక్షాత్తూ ఇప్పుడు దిగిన ఆ పెద్ద ప్రొఫెసరే.

ఎలీషబా నాటుకోడి వండించింది. శ్రీశైలం నుంచి వస్తున్నాం, ఇవాళ నీచు ముట్టం అన్నారు. పప్పు, చారు కూడా ఉన్నాయంటే ఆకలి లేదన్నారు. నీళ్లు కూడా కారులో తెచ్చుకున్న సీసాల్లోవే తాగారు. దీవెనకు చివుక్కుమంది. పోనీలే, సంతకం పెడితే అంతే చాలుననుకుంది.

శాలువాలు కప్పారు. పాట పాడారు. పాస్టరయ్య ప్రార్థన చేశాడు. ఇంక అయిపోయిందని దీవెన ఊపిరి పీల్చుకునేలోపు, ఇప్పుడు తల్లి సాక్ష్యం చెబుతుంది అన్నాడు ఆయన.

దీవెనకు పై ప్రాణాలు పైనే పోయాయి. వాళ్ల సంఘంలో సాక్ష్యానికో పద్ధతి ఉంది. దేవుడు చేసిన మేలు చెప్పే ముందు, పడ్డ శ్రమంతా చెప్పాలి. ఎంత శ్రమ చెబితే దేవుడికి అంత మహిమ. ఒక్కటి దాచినా దేవుడి సొమ్ము దాచినట్టే. పుట్టినప్పటి నుంచీ ఆ సాక్ష్యాలు వింటూ పెరిగిన పిల్ల, తల్లికి ముందే ఒక మాట చెప్పి ఉంచుకోవద్దా? తట్టలేదు. సంతకం ధ్యాసలో పడి ఆ సంగతే మర్చిపోయింది.

ఎలీషబా గోడ పట్టుకుని లేచింది. చెంగు తల మీదికి లాక్కుంది. ముఖం వెలిగిపోతోంది.

"దేవునికి స్తోత్రం. నా బిడ్డ చాలా శ్రమ పడిందయ్యా. సారు ఇంట్లో పనులు చేసింది, సారు పుస్తకం రాసింది. ఇదో, ఈ సురేష్ బాబుకు రాయడం రాకపోతే, ఆ బాబు పుస్తకమంతా నా బిడ్డే రాసి ఇచ్చింది. నాది పక్కన పెట్టి ఆయనది రాస్తాండానమ్మా అని ఫోన్‌లో ఏడ్చేది. ఏడవొద్దు బిడ్డా, దేవుడు చూస్తాండాడు అని చెప్పినాను. చూసినాడయ్యా. ఆ సారునే సంతకం పెట్టనీకి మా మందిరానికి తోలుకొచ్చినాడు."

హల్లెలూయా అన్నారు జనమంతా. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది సుందరరాజే. నవ్వు ముఖం నిండా పులుముకున్నాడు. ఆ నవ్వు ఎలాంటిదో దీవెనకు తెలుసు.

కూడిక అయ్యాక పాస్టరయ్య గదిలో కూర్చోబెట్టారు. దీవెన కాపీలు ముందు పెట్టి, పెన్ను మూత తీసి ఇచ్చింది. సుందరరాజు పెన్ను పక్కన పెట్టాడు. నింపాదిగా పేజీలు తిప్పాడు, రెండో అధ్యాయం దగ్గర ఆగి, పుస్తకాన్ని స్నేహితుడి ముందుకు జరిపాడు. ఇది మీరు ఎక్కడో చదివినట్టు లేదూ అని అడిగాడు. పెద్ద ప్రొఫెసర్ కళ్లజోడు పెట్టుకుని చూశాడు. సురేష్ గుట్టు బయటపడితే, అద్భుతమని తను రాసిన రిపోర్టూ నవ్వులపాలవుతుందిగా. అవును, సురేష్ థీసిస్‌లో ఉన్నట్టుందే అన్నాడు. సురేష్ ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.

ఉండదా మరి. ప్రయోగం చేసే పద్ధతి ఒకటే, ల్యాబు ఒకటే, రాసిన చెయ్యి ఒకటే. ఆ పేజీలు దీవెన తన కోసం ముందే రాసుకున్నవి. గైడు తొందరపెడితే సురేష్‌కు ఇచ్చింది. తర్వాత నువ్వూ వాడుకో, ఏం కాదు అని చెప్పింది కూడా ఈయనే.

"సురేష్‌ది నిరుడే లైబ్రరీకి చేరిందమ్మా. నీది ఇప్పుడొస్తోంది. కాపీ కొట్టింది ఎవరంటారు లోకంలో? దీని మీద సంతకం పెట్టి నా పరువు తీసుకోనా?"

"సార్, అది నేనే..."

"ఆఁ, నువ్వే? చెప్పు."

చెబితే ఏముంది, దండోరా వేసినట్టు ఇంతకుముందే తల్లి చెప్పేసింది కదా. కానీ ఆ మాట కాగితం మీద పెడితే సురేష్ డిగ్రీతో పాటు రాసి ఇచ్చిన తన బతుకూ పోతుంది. దీవెన పెన్నుకు మూత పెట్టేసింది. లోపల మాత్రం ఆ బట్టతల మీద ఆ లావు పుస్తకంతో మోదాలన్నంత కసి పుట్టింది.

సుందరరాజు లేచాడు. శాలువా మడిచి సురేష్‌కు అందించాడు. గుమ్మం దగ్గర ఆగి ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"దిగులుపడకు. మళ్లీ కొత్తగా రిజిస్టర్ చేసుకో, నా దగ్గరే. మా అమ్మాయి కూడా ఈ ఏడు చేరుతోంది. దానికి కాస్త తోడుగా ఉందువుగాని."

కారు వెళ్లిపోయింది. జనం బంతుల్లో కూర్చుని ఆ కోడికూర తింటున్నారు. ఎలీషబా చేతులు తుడుచుకుంటూ, కాళ్లు ఈడ్చుకుంటూ కూతురి దగ్గరికి వచ్చింది. నేను బాగానే చెప్పినానా అని అడిగింది.

అంతే, ఏడేళ్లు ఆయన ముందు నోట్లోనే నమిలి మింగిన మాటలన్నీ తల్లి మీద పడ్డాయి. నా కొంప ముంచినావు అంది దీవెన. ఆ నోరు మూసుకుని ఉంటే ఈ పొద్దు నేను డాక్టరునయ్యేదాన్ని అంది. నీలాంటి దాని కడుపున పుట్టడమే నా తప్పు అని కూడా అంది. తినేవాళ్ల చేతులు విస్తళ్లలో ఆగిపోయాయి. ఎలీషబా అట్లే నిలబడి అన్నీ విన్నది. కళ్లలో నీళ్లు తిరిగాయి గాని కారనివ్వలేదు.

"తప్పే బిడ్డా. నాకు తెలీక చెప్పినా," అంది. "మరి ఇంత అన్యాయం చేసి పోతాండాడు కదా, నువ్వు సారును ఏమన్నావు?"

దీవెన తల దించుకుంది.

"సరే సార్ అన్నాను."