మిగిలిపోయిన శుభలేఖలు

పెళ్ళయి నలభై రెండు రోజులు. సాయంత్రం మా ఆయన తాళంచెవి చప్పుడు వినబడితే చాలు, ఇప్పటికీ నాకు ఊరికే నవ్వొస్తుంది. రెండు గదుల మా ఇంట్లో మనుషులకంటే శుభలేఖలే ఎక్కువ. రెండు వందలు చాలని నేనంటే, మా ఆయన ధీమాగా ఐదు వందలు అచ్చు వేయించాడు. మిగిలినవన్నీ గులాబీ రంగువి, వెనకవైపు ఖాళీ. పాలవాడికి చీటీ వాటి మీదే. ‘నీ కూరలో ఉప్పెక్కువైంది, అయినా ముద్దొచ్చావు’ అని ఆయన నా భోజనం డబ్బాలో పెట్టే ఉత్తరమూ వాటి మీదే.

నేను పోలీసు కార్యాలయంలో ఫిర్యాదుల విభాగంలో గుమాస్తాని. కొత్త ఉద్యోగం, ఇంకా పర్మనెంటు కాలేదు. ఆ సోమవారం నా బల్ల మీదికొక ఫైలొచ్చింది. అది మా వీధి మలుపులో బండి పెట్టుకునే ఇస్త్రీ అక్కది. వీధంతా ‘గద్ద’ అని పిలిచే కానిస్టేబుల్, తన ప్యాంటుకి రెండు గీతలు పడ్డాయని ఆమె బండిని కాలితో తన్నాడు. పెట్టెలో నిప్పులు ఆమె కుడిచేతి మీద పడ్డాయి. శుక్రవారం విచారణకి ఇద్దరినీ రమ్మన్నారు. ఫైలు మీద ముద్ర మాత్రం అప్పుడే పడింది: ‘మొదటి ఫిర్యాదు. హెచ్చరిక చాలు.’

“బాబాయిగారూ, ఇతని మీద ఇదే మొదటిదా?” అని మా పెద్ద గుమాస్తాని అడిగాను.

“ఆవిడ ఇచ్చినవాటిలో ఇదే మొదటిది తల్లీ. ఫైలు ఆవిడ పేరు మీదేగా.”

“ఆవిడకి మొదటిది. మరి ఆయనకి?”

ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టాడు. “దెబ్బలు తిన్నవాళ్ళ పేరుతో ఫైలు కట్టడం మన పద్ధతి. కొట్టినవాడి పేరుతో వెతకాలంటే గదంతా తిరగెయ్యాలి. ఎవడికి పట్టింది?”

“మూడో ఫిర్యాదుకి సస్పెన్షన్ అని రూలుందిగా? మీ ముప్పై ఏళ్ళలో ఎవరికైనా మూడోది వచ్చిందా?”

“ఒక్కడికీ రాలేదమ్మా. మనవాళ్ళంతా బంగారం,” అని నవ్వి, ఆ నవ్వు సగంలోనే మింగేశాడు.

ఇంటికెళ్తూ ఆగితే, ఇస్త్రీ అక్క కట్టుకట్టిన చేత్తోనే బొగ్గులు సర్దుతోంది. “వెనక్కి తీసుకుంటా చెల్లీ. వాడికేమో హెచ్చరిక, నాకేమో ఈ మలుపు పోతుంది. చెయ్యి మానుతుంది. చోటు మళ్ళీ వస్తుందా?”

“శుక్రవారం దాకా ఆగు అక్కా.”

మా ఆయన టీ కలుపుతూ అంతా విన్నాడు. విని, ఒక శుభలేఖల కట్ట తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. “ఒక్కో పోలీసుకి ఒక్కో కార్డు, వాడి మీది ఫిర్యాదులన్నీ దాని వెనకే. మనకి కార్డులకేం కొదవ!”

“ఉద్యోగం పోతే?”

“ఇంట్లో కూర్చుని మూడు పూటలా నా వంట తిను. అంతకంటే పెద్ద శిక్ష వాళ్ళూ వెయ్యలేరు.”

మంగళవారం నుంచి భోజనాల వేళ రికార్డు గదిలోనే ఉన్నాను. మొదటిరోజు “దుమ్మమ్మా, జలుబు చేస్తుంది” అన్న పెద్ద గుమాస్తా, రెండోరోజు స్టూలు లాక్కుని కూర్చుని పేర్లు చదవడం మొదలుపెట్టాడు. గురువారానికి గద్ద కార్డు నిండిపోయి, రెండోది ఎత్తుకోవాల్సి వచ్చింది. ఆరేళ్ళు, నాలుగు స్టేషన్లు, తొమ్మిది మంది. కూరగాయలమ్మ, బస్సు కండక్టరు, బడి కాపలా తాత... అన్నిటి మీదా ఒకటే ముద్ర: ‘మొదటి ఫిర్యాదు.’ ఎవరూ ఏదీ దాచలేదు. పక్కపక్కన పెట్టలేదు, అంతే.

శుక్రవారం విచారణ చేసే మా పై అధికారి మేడమ్ గదికి గద్ద మడత నలగని యూనిఫాంలో వచ్చాడు. “ఆరేళ్ళ సర్వీసు మేడమ్. ఒక్క మచ్చ లేదు.”

ఇస్త్రీ అక్క చేతిలో, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానన్న కాగితం నలుగుతోంది. మేడమ్ కలం మూత తీసింది. నేను కార్డులు ఆమె ముందు పెట్టాను.

ఆమె రెండూ చదివింది. తిప్పి చూసింది. “ఇదేంటి, శుభలేఖా?”

“మిగిలిపోయాయి మేడమ్.”

“అలాంటి కార్డులు రూల్సులో లేవు!” అన్నాడు గద్ద.

“కార్డులు లేవు. ఫైళ్ళున్నాయా?” అని మేడమ్ నన్నడిగింది.

తలుపు తోసుకుని పెద్ద గుమాస్తా తొమ్మిది ఫైళ్ళు మోసుకొచ్చాడు. “ముద్రలన్నీ నేను వేసినవే మేడమ్. నా తప్పూ రాసుకోండి.”

మేడమ్ ఒక్కో ఫైలూ తెరిచి పైకే లెక్కపెట్టింది. “నాకు పెళ్ళి ఒక్కసారే మొదటిసారి అయింది. మీకు తొమ్మిదిసార్లు మొదటిసారా?” అని గద్దని అడిగి, ఇస్త్రీ అక్క వైపు తిరిగింది. “పదోది ఉంచుతారా, తీసుకుంటారా?”

అక్క చేతిలో కాగితాన్ని నిలువునా చింపింది. “ఉంచుతానమ్మా!”

“సస్పెన్షన్,” అంది మేడమ్. గద్ద బెల్టు విప్పి బల్ల మీద పెట్టాడు. మా ఆయన తాళంచెవి తర్వాత అంత తియ్యటి చప్పుడు ఆ బకిల్‌దే.

సోమవారం నుంచి ప్రతి పోలీసుకీ ఒక కార్డు ఉండాలని ఉత్తర్వు వచ్చింది. “అచ్చు కార్డులు వచ్చేదాకా మీవి ఇవ్వగలరా?” అని మేడమ్ అడిగింది. మా ఆయన భుజాన ఎత్తుకుని మరీ తెచ్చిచ్చాడు. ఆయన చొక్కా మా వీధి మలుపులో అక్క ఇస్త్రీ చేసినదే, ఒక్కటే గీత.

మా పెళ్ళికి ఒక్క పోలీసునీ పిలవలేదు. ఇప్పుడు ఊళ్ళో పోలీసులందరి పేర్లూ మా శుభలేఖల మీదే.

“ఐదు వందలు దండగన్నావు! ఇంకో వంద వేయించాల్సింది,” అంటాడు మా ఆయన, రోజుకి నాలుగుసార్లు.