మిగతా అందరి అడుగులు

"మా ఆవిడ నా పనికి ఏనాడూ అడ్డు రాలేదండీ" అన్నాడు గ్లెబ్, పత్రిక నుంచి వచ్చిన అమ్మాయితో.

నేను వంటింటి కిటికీ దగ్గర కూర్చుని అతని బ్యాలే చెప్పులకు ఎలాస్టిక్ కుడుతున్నాను. ఇరవై రెండేళ్లు ఈ కామా నది ఒడ్డు థియేటర్‌లో ప్రధాన నర్తకుడు మా ఆయన. నలభై రెండో ఏట వేదిక దిగాడు. ఇప్పుడు కుర్ర నర్తకులకు నేర్పే ఉద్యోగం ఇచ్చారు. ఆ అమ్మాయి అంతా రాసుకుంది. నా వైపు చూసి నవ్వి, "అదృష్టవంతులు" అంది. ఎవరిని అందో తెలియలేదు.

అడ్డు రాకపోవడం. అదా నేను చేసింది? నేనూ ఆ థియేటర్‌లోనే బృందంలో ఆడేదాన్ని. చిన్నదే అయినా ఒక సోలో కూడా ఇచ్చారు. పాప కడుపున పడ్డాక గ్లెబ్ నవ్వుతూ అన్నాడు, "ఇద్దరం పొద్దున్నే క్లాసుకు పోతే సూప్ ఎవరు కాస్తారు తాయా?" నేనూ నవ్వాను. ఆ నవ్వుతోనే నా ఉద్యోగం పోయింది. మా అత్తగారు కపిటోలినా ఫ్యోదొరొవ్నా వచ్చిపోయే వాళ్లందరికీ చెప్పేది, "ఈ ఇల్లు మావాడి కాళ్ల మీద నిలబడింది" అని. ఆ కాళ్లకు రోజూ సాయంత్రం కర్పూరం నూనె రాసింది ఎవరో ఆమెకూ తెలుసు.

వసంతంలో థియేటర్ వాళ్లు 'పడవవాడు' మళ్లీ ఆడిస్తామన్నారు. గ్లెబ్‌కు పేరు తెచ్చిన బ్యాలే అది. దాన్ని కూర్చిన ముసలాయన పోయి చాలా కాలమైంది. ఉన్న ఒక్క వీడియోలో అంతా చీకటి. "గ్లెబ్ ఉన్నాడుగా" అన్నారందరూ. గ్లెబ్‌కు తన భాగం గుర్తుంది. తన భాగం మాత్రమే గుర్తుంది.

"తాయా, రెండో అంకంలో నేను కుడివైపు నుంచి వస్తాను చూడు, అప్పుడు జాలరి ఆడవాళ్లు ఎక్కడుంటారు?"

"నలుగురు నీ వెనక, నలుగురు ఎదురుగా" అన్నాను, పళ్లెం తుడుస్తూ.

నాకు తెలియక ఎవరికి తెలుస్తుంది? అతను ఆ బ్యాలే నేర్చుకున్న చలికాలమంతా ఈ వంటింట్లో అతని ముందు నిలబడింది నేనే. పాపను నిద్రపుచ్చి వచ్చి, బల్ల గోడకు జరిపి, ఆ ఎనిమిదిమంది జాలరి ఆడవాళ్లూ నేనే అయ్యాను, తల్లీ నేనే, ప్రియురాలూ నేనే. ఇప్పుడు మూడు వారాలు నేను చెప్పాను, అతను పుస్తకంలో రాసుకున్నాడు. పొద్దున్నే ఆ పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లేవాడు.

ఒకరోజు పదకొండింటికి ఫోన్ చేశాడు. "ఆ చివర్లో అమ్మాయిని తల పైకి ఎత్తడం కుదరట్లేదు. పిల్ల జారిపోతోంది. నేనెలా ఎత్తానో గుర్తుంది గానీ, ఆమె ఏం చేసేదో తెలీదు. కాస్త చెప్పు."

చెప్పబోయి ఆగాను.

"ఫోన్లో కుదరదు. వస్తున్నా."

"నువ్వెందుకూ? అమ్మకి మధ్యాహ్నం సూప్..."

"అమ్మకి చేతులున్నాయి గ్లెబ్."

మా అత్తగారు గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఏమన్నావే?"

"కుండ పొయ్యి మీదే ఉందండీ. వెలిగించుకోండి" అని కోటు వేసుకుని ట్రామ్ ఎక్కాను.

హాల్లో ఉల్యానా అనే పిల్ల నేల మీద కూర్చుని నడుము రుద్దుకుంటోంది. ఆమె జోడీ, ఇప్పుడు పడవవాడు వేస్తున్న సవేలీ, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "కాస్త తిండి తగ్గిస్తే సరిపోతుంది" అంటున్నాడు గ్లెబ్. ఆ పిల్ల తల ఎత్తడం లేదు.

నేను బూట్లు విప్పి ఉన్ని మేజోళ్లతో మధ్యలోకి నడిచాను. "లే తల్లీ. నీ బరువు వల్ల కాదు. అతను ఎత్తుతాడని ఎదురుచూస్తున్నావు, అదే తప్పు. అతని చేయి పడకముందే మోకాళ్లు వంచి నువ్వే నేలను తన్నాలి. ఎత్తడంలో సగం పని నీది. అది జనానికి కనబడదు, అంతే."

రెండుసార్లు చేసి చూపించాను. మూడోసారి ఉల్యానా సవేలీ తల పైన నిలిచింది. పియానో వాయించే ఆవిడ వాయించడం ఆపి చప్పట్లు కొట్టింది.

"మీరెక్కడ ఆడారండీ ఇది?" అని అడిగింది ఉల్యానా, రొప్పుతూ.

"మా వంటింట్లో."

అందరూ నవ్వారు. గ్లెబ్ కూడా నవ్వబోయాడు, నవ్వలేదు.

వరండాలో నా కోటు పట్టుకుని నిలబడ్డాడు. "చాలా సాయం చేశావు తాయా. మిగతాది ఇంటికొచ్చాక చెప్పు, రాసుకుంటాను."

"ఇంట్లో చెప్పను."

"అంటే?"

"రేపట్నుంచి ఇక్కడే చెప్తాను. పోస్టర్ మీద నీ పేరు పక్కన నా పేరు వేయమని చెప్పు. తైసియా ల్వొవ్నా అని పూర్తిగా వేయమను."

"జనం ఏమనుకుంటారు? ఇన్నేళ్లూ నేను..."

"ఇన్నేళ్లూ నువ్వు బాగా ఆడావు గ్లెబ్. చూసి నేనెంత మురిసిపోయానో నీకు తెలుసు. అందులో ఒక్కరోజు కూడా నాకొద్దు. నేను వేసిన అడుగులు మాత్రం నాకు కావాలి."

అతను నా కోటు మడతలు సర్దాడు. తర్వాత దాన్ని నా భుజాల మీద వేసి, డైరెక్టర్ గది వైపు నడిచాడు. తలుపు తట్టిన చప్పుడు విన్నాకే నేను మెట్లు దిగాను.

మర్నాడు హాల్లో అందరూ లేచి నిలబడి నాకు నమస్కరించారు. పడవవాడి తుఫాను నాట్యాన్ని సవేలీకి తానే చేసి చూపిస్తానన్నాడు గ్లెబ్. చేశాడు. అందంగానే చేశాడు, కానీ జాలరి ఆడవాళ్లు ఇంకా పక్కకు తప్పుకోకముందే మధ్యలోకి దూసుకొచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఆ హాల్లో అతనికి తప్పు చెప్పినవాళ్లు లేరు. పిల్లలు నా మొహం చూస్తున్నారు.

"గ్లెబ్ అర్సెన్యెవిచ్, తొందరపడ్డారు" అన్నాను, హాల్లో అందరూ పిలిచినట్టే తండ్రి పేరు కలిపి. "మళ్లీ మొదట్నుంచి చేయండి."

అతను నా వైపు చూశాడు. చెమట తుడుచుకుని, వెనక్కి నడిచి, తన చోట నిలబడ్డాడు.