ఆదివారం అయ్యాక చెబుదాం

మినుములు వేయించి దించేలోపే రెండుసార్లు బాత్రూమ్‌కి పరుగెత్తాను. దాంతో పొద్దున్నించి ఏడుసార్లు. చేతులు కడుక్కుని వచ్చేసరికి అత్తయ్య మూకుడులోకి చూసి, కాస్త నల్లబడ్డాయి, సున్నుండలు చేదొస్తాయేమో అన్నారు. నేనెందుకు లేచానో మాత్రం అడగలేదు.

ఎల్లుండి ఆదివారం మా ఆడపడుచు వీరవేణి కూతురికి ఓణీల ఫంక్షన్. మేనమామ ఇంటి నుంచి సారె వెళ్లాలి. మేనమామ అంటే మా ఆయన చంద్రరావు గారు. సారె అంటే మాత్రం నేను. సున్నుండలు, చలిమిడి, అరిసెలు, పళ్లాల మీద కప్పే గుడ్డలతో సహా అన్నీ నేనే చూడాలి. ఊపిరితిత్తిలో గడ్డ ఉన్న నేను. పొగ తాగని ఆడదానికి ఇదేం రోగమని అత్తయ్య వచ్చినవాళ్లందరి దగ్గరా ఆశ్చర్యపోయే నేను.

మూడు వారాలకోసారి మండపేట నుంచి రాజమండ్రి వెళ్లి ఎక్కించుకునే మందు కీమో కాదు. డాక్టర్ శ్రీదుర్గ గారు మొదటిరోజే బొమ్మ గీసి చెప్పారు. ఒంట్లో కాపలా కణాలుంటాయి. అవి సొంత ఒంటి మీదే పడకుండా వాటికి ఆపే మీటల్లాంటి రిసెప్టర్లుంటాయి. గడ్డ ఆ మీట నొక్కి పట్టుకుంటుంది, కాపలా కణాలు చూస్తూ ఊరుకుంటాయి. ఈ మందు ఆ మీట నొక్కనివ్వదు. అయితే అదుపు తప్పిన కణాలు ఒక్కోసారి పేగుల మీద పడతాయి. రోజుకి నాలుగు విరేచనాలు దాటితే వెంటనే ఫోన్ చెయ్యాలి, ఆలస్యమైతే పేగుకి చిల్లు పడొచ్చు. ఆ బొమ్మ చూస్తుంటే నాకు ఆ కణాల మీద జాలేసింది. "నువ్వూరుకో, నేను మాట్లాడతా" అన్న మాట ఇరవై రెండేళ్లుగా మా ఆయన నోట వింటున్నదాన్ని. నొక్కి పట్టడమంటే ఏంటో నాకొకరు చెప్పక్కర్లేదు. డాక్టర్ గారు ఇదంతా చెబుతున్నప్పుడు ఆయన ఫోన్లో ధాన్యం లారీ గురించి మాట్లాడుతున్నారు.

మొన్న విరేచనాలు మొదలైతే అత్తయ్య వేడి చేసిందని మజ్జిగలో మెంతులు కలిపిచ్చారు. ఆయనతో చెబితే, "ఆదివారం అయ్యాక చెబుదాం. ఇప్పుడు చెబితే అడ్మిట్ అవమంటారు. చెల్లెలి అత్తారింటి ముందు నా పరువేం కావాలి?" అన్నారు. నిన్న ఆస్పత్రి నుంచి నర్సు ఫోన్ చేస్తే నా చేతిలోంచి తీసుకుని, బాగానే ఉందండి, ఏ ఇబ్బందీ లేదండి అని ఆయనే చెప్పేశారు. నేను పక్కనే నిలబడి విన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆయన మీద ఎంత కోపమొస్తోందో, నోరు మూసుకున్న నా మీదా అంతే వస్తోంది.

ఎనిమిదోసారి వెళ్లినప్పుడు రక్తం పడింది.

గోడ పట్టుకుని గదిలోకొచ్చి నేనే డాక్టర్ గారికి ఫోన్ చేశాను. ఎన్నిసార్లు, ఎప్పటినుంచి, అన్నీ చెప్పాను. "మూడు రోజుల నుంచి ఏం చేస్తున్నారమ్మా? ఉన్నపళంగా బయల్దేరండి, బెడ్ సిద్ధం చేయిస్తాను" అన్నారు. ఆటోకి చెప్పి, రెండు చీరలు, ఫైలు సంచిలో పెట్టుకున్నాను.

రైస్ మిల్లు నుంచి అప్పుడే వచ్చిన ఆయన సంచి చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. రక్తం పడిందని చెప్పాను. ఆయన వంటింట్లో మూకుడు వైపు చూశారు.

"మరి సారె ఎవరు పట్టుకెళ్తారు?"

"మేనమామ మీరు కదండీ" అని ఆటో ఎక్కాను.