పట్టికలో ఒకటి

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: తన బిడ్డ నిద్రలోనే, చిన్న చప్పుడైనా లేకుండా, ఊపిరి ఆపేస్తాడేమోనని. వాడికి ఆరు నెలలు. వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూడనిదే ఆమెకు ముద్ద దిగదు.

భర్త ఏసీలు, ఫ్రిజ్‌లు, హోటళ్లలోని సోడా యంత్రాలు బాగుచేస్తాడు. ముందుగది దుకాణం, వెనకగది కాపురం. గ్యాసు సిలిండర్లు నడిమి గోడకు ఆనించి ఉంటాయి. ఒకరోజు శిక్షణకు వెళ్లొచ్చి, ఆ గోడకే ఒక పట్టిక అంటించాడు. ఏ గ్యాసు ఎంత చెడ్డదో అందులో అంకెలు వేసి ఉంది. కార్బన్ డయాక్సైడ్ ఒకటి. మీథేన్ ఇరవై ఎనిమిది. ఏసీలో నింపేది దాదాపు రెండు వేలు.

ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయినా అంకెలంటే ఆమెకు బెదురు లేదు. కానీ ఆ రెండు వేలు చూసి, అది కారితే బిడ్డ ఊపిరికి రెండు వేల రెట్లు ముప్పు అనుకుంది. భర్త పనికి వెళ్లగానే ఏసీ గ్యాసు సిలిండర్లన్నీ పెరట్లోని రేకుల షెడ్డుకు ఈడ్చేసింది. సోడా యంత్రానికి పెట్టే కార్బన్ డయాక్సైడ్ సిలిండరు మిగిలింది. పట్టికలో దానిది ఒకటే కదా! దారికి అడ్డమని వెనకగది మూలకు దొర్లించింది. దొర్లించడంలో దాని మూతి గోడకు తగిలింది.

"ఏంటే ఆ గోల? సిలిండర్లకి పెళ్లి చేస్తున్నావా?" అంది అత్తగారు ఆ గదిలోనే నేలమీద చాప పరుచుకుంటూ.

"మీ మనవడి కోసమే అత్తయ్యా."

"వాడు తాతయ్యేదాకా ఇలాగే వేలు పెట్టి చూస్తావులే. తలుపేసి పో, ఎండ కొడుతోంది."

రోజూ పిల్లాడు నానమ్మ పక్కనే చాపమీద నిద్రపోయేవాడు. ఆవేళ పక్కబట్ట తడిపేశాడు కనుక ఉయ్యాల్లో వేసి, ఆమె ఆ బట్ట ఉతకడానికి వెళ్లింది. కాసేపటికి అలవాటుగా వేలు పెట్టి చూద్దామని వచ్చి తలుపు తీసింది. సోడా తాగినప్పుడు గ్యాసు పైకి తన్నినట్టు ముక్కు చురుక్కుమంది. మూలనుంచి సన్నగా బుస. పైన ఉయ్యాల్లో పిల్లాడు రొప్పుతున్నాడు. కింద అత్తగారు పిలిస్తే పలకలేదు.

పిల్లాణ్ణి పెరట్లో పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టి, చాపతో సహా అత్తగారిని బయటికి లాగింది. చాలాసేపటికి ఆవిడ దగ్గింది.

సాయంత్రం సంగతి విన్న భర్త పట్టిక ముందు కూర్చుని దాన్ని చూపించాడు.

"ఆ అంకెలు ఊపిరి లెక్క కాదే. కిలోకి కిలో, ఏది వందేళ్లలో భూమిని ఎంత వేడెక్కిస్తుందో ఆ లెక్క."

"మరి ఒకటి అని ఉందిగా?"

"వేడిలో ఒకటి. మూసిన గదిలో కారితే నేలమీద పేరుకుని మనిషినే తీసుకుపోతుంది. చెప్పకపోవడం నా తప్పు."

"షెడ్డులోవి కారితే?"

అతను ఉయ్యాలకేసి చూశాడు. "వాడి వందేళ్లకి చేటు." లేచి సబ్బునురుగు పట్టుకెళ్లి, ఒక్కో సిలిండరు మూతికీ రాసి బుడగలొస్తున్నాయేమో చూశాడు.

"నన్ను సాగనంపబోయావు, నీ లెక్క తప్పింది!" అని అత్తగారు ఇప్పటికీ నవ్విస్తుంది. తాను మాత్రం చాపమీద పడుకోదు. కోడలికి నవ్వు రాదు. చుట్టి పెట్టిన ఆ చాప ఎప్పుడు కనపడినా, ఆమె కళ్లకు దానిమీద నానమ్మా మనవడూ ఇద్దరూ పడుకుని ఉంటారు. కుక్కరు బుస కొట్టినా ఆమె గదిలోకి పరుగెడుతుంది.

మీ ఇంట్లోనూ ఈపాటికి తలుపేసుకుని ఎవరో పడుకునే ఉంటారు. ఇది పక్కన పెట్టి, వెళ్లి ఒకసారి పిలవండి. పలికేదాకా పిలవండి.