ఎదురు కిటికీ

బిందెడు నీళ్ళు కూలర్లో పోస్తూనే మునెయ్య పెళ్ళాంతో తగువు పెట్టుకున్నాడు. ఎండలు ముదిరినప్పటి నుంచి వాళ్ళకు ఇలాగే తెల్లవారుతోంది. మదనపల్లెలో వాళ్ళది రేకుల ఇల్లు, ఒకటే గది. తలుపు పక్కన కూలర్, దానికెదురుగా కిటికీ. గుండె జబ్బు మనిషిని ఉడకపోతలో ఉంచొద్దని డాక్టరు చెబితే, ఈ వేసవి ఆమెను ఎలాగైనా దాటించాలని కొన్న కూలర్ అది. వెంకటరత్నమ్మేమో అతను గడప దాటగానే కిటికీ మూసి, సందుల్లో పాతగుడ్డలు కుక్కేది.

"కిటికీ తెరిస్తేనే గదామ్మే తేమ బయటికి పొయ్యేది! మూస్తే ఉక్క పోస్తాది."

"సల్లగాలంతా వీధిలోకి పోనిచ్చేదానికా దాన్ని కొనింది?"

"గాలి ఆడకుంటే టమాటా గూడా సెమటపట్టి కుళ్ళుతాది."

"నేనేమన్నా టమాటానా?"

ఆమె నవ్వింది. మునెయ్యకు నవ్వు రాలేదు. "సెప్పి సెప్పి నా నోరు పడిపోతాండాది. ఎట్లన్నా సావు, పో!" అని తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

టమాటా మార్కెట్లో ట్రేలు మోయడం అతని పని. ఒకవైపుకు వంగిపోయిన భుజం, కాయల రసం ఎండి చారలు కట్టిన చొక్కా, పగిలిన మడమలు. లారీలో ట్రేల వరుసల మధ్య గాలికి సందు వదిలి పేర్చడంలో గట్టివాడని పేరు. కాయలకు జరిగే భోగం కట్టుకున్నదానికి జరగడం లేదే అని ఆ రోజంతా గొణుక్కున్నాడు. మధ్యాహ్నం ఎండకు కళ్ళు తిరిగినప్పుడు, పొద్దున అన్న మాట గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. ఆ చిరాకంతా లారీ డ్రైవరు మీద చూపించాడు.

సాయంత్రం సందు మలుపు తిరగగానే టక్కున ఆగాడు. కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. ఇన్నాళ్ళకు నా మాట చెవికెక్కింది అనుకుని సంబరపడిపోయాడు. ఆమెను ఆటపట్టించడానికి మాటలు కూర్చుకుంటూ గడపెక్కాడు.

కూలర్ ఆగి ఉంది. పక్కింటి ఖుర్షీదా మంచం దగ్గర కూర్చుని ఏడుస్తోంది. వెంకటరత్నమ్మ నిద్రపోయినట్టే ఉంది.

"కిటికీ నేనే తెరిసినానన్నా, గాలాడుతాదేమోనని. అప్పటికే పానం లేదు," అంది ఖుర్షీదా.

మునెయ్య గోడ పట్టుకున్నాడు. "తెరిసి పెట్టుకోమని దినామూ సెప్తానే ఉండానమ్మా. ఎందుకు మూస్తాదో, ఏమో!"

"మద్దేనం నేనూ అడిగినా. 'ఆయప్ప ఎండనబడి వస్తాడు, వచ్చేతలికి ఇల్లు సల్లగుండల్ల, ఈ సలవ యాడికీ పోనీను' అనె."

మునెయ్యకు ఏడుపు రాలేదు. తన నోటి మీద తనకే పట్టరాని కోపం వచ్చింది.

కూలర్ ముందు, గాలి బాగా తగిలేచోట, అతని కోసం మజ్జిగ చెంబు పెట్టి ఉంది. దానికి చుట్టిన గుడ్డ ఇంకా తడిగానే ఉంది.